ఇంటి మందుల డబ్బా: పోపుల డబ్బా నుంచి ఏవి తీసుకోవాలి, ఏవి వదిలేయాలి

తెలుగువారి వంటింట్లో మందుల డబ్బా ఎప్పుడూ ఉండేది. దాని మీద ఆ పేరు మాత్రం ఉండేది కాదు. అజీర్తికి వాము, పడిశానికి మిరియాల చారు, పంటి పోటుకు లవంగం, దగ్గుకు బుగ్గన కరక్కాయ ముక్క అని చెప్పే పెద్దవారు ఇంట్లో ఉన్నంత కాలం ఆ పేరు అవసరం కూడా రాలేదు. ఇప్పుడు భార్యాభర్తలు ఇద్దరే ఉండే ఇంట్లో, రాత్రి పదకొండు గంటలకు పిల్లవాడికి వాంతులు పట్టుకుంటే, వాము ఏ సీసాలో ఉందో ఒకరికి తెలియదు, ఎంత వేసి మరిగించాలో ఇద్దరికీ తెలియదు. అందుకని ఈ దినుసులను పోపుల డబ్బా నుంచి వేరుచేసి, కట్టుబట్టలతోనూ మాత్రలతోనూ కలిపి ఒక పెట్టెలో అమర్చుకోవడం మేలు. అయితే ఇలాంటి పెట్టెలో ఏమి పెట్టామన్నదాని కంటే, ఏ బాధ వచ్చినప్పుడు ఆ పెట్టె మూత తెరవకూడదో తెలిసి ఉండడమే ముఖ్యమని నా అభిప్రాయం. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మూత లోపలి కాగితం

పెట్టె కొన్న రోజునే, అందులో ఒక్క వస్తువు కూడా వేయకముందే, మూత లోపలి వైపు ఒక తెల్ల కాగితం అంటించి దాని మీద 108 అని పెద్ద అంకెలతో రాయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ అంబులెన్సు సేవ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది, ఫోనుకు ఖర్చు కూడా లేదు. ఆ అంకెల కింద, ఇంటి వైద్యానికి లొంగని వాటి పేర్లు రాయాలి: పాము కాటు, ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఊపిరి ఆడకపోవడం, మూర్ఛ, మూడు నెలల లోపు పసికందుకు జ్వరం, నెత్తురు పడే విరేచనాలు, అరచేతిని మించి కాలిన గాయం, విషం మింగడం. వీటిలో ఏది వచ్చినా కషాయం కాచే సమయం కూడా వృథాయే.

పాము కాటు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆకు పసర్ల మీద నమ్మకం ఎక్కువగా ప్రాణం తీసేది అక్కడే. కాటు వేసిన చోట కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పైన తాడుతో బిగించి కట్టకూడదు, ఏ వేరూ నూరి పట్టించకూడదు. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసేసి, కాటు పడిన కాలునో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు ఒక కర్ర దన్నుతో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి చేర్చడమే ప్రథమ చికిత్స. కుక్క కరిస్తే గాయం మీద కారం, సున్నం, పసుపు వంటివి పెట్టే అలవాటు కూడా మానుకోవలసిందే. ధారగా పడే నీటి కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. ఆ 15 నిమిషాలు చాలా పొడవుగా అనిపిస్తాయి కాబట్టి గడియారం చూస్తూ కడగాలి. ఆ రోజే మొదటి టీకా వేయించుకోవాలి. తేలు కుట్టినది పిల్లలనైతే, నొప్పి తగ్గినట్టు కనిపించినా, ఒళ్లంతా చెమటలు, వాంతులు మొదలైతే క్షణం ఆగకూడదు.

కామెర్లకు పసరు పోయించడం, చేతికి వాత పెట్టించడం ఇంకా అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్నాయి. కామెర్లు ఒక జబ్బు కాదు, ఎక్కువగా కాలేయంలోనో పైత్యనాళంలోనో ఉన్న ఏదో జబ్బుకు గుర్తు. ఏ జబ్బో తేల్చేది రక్తపరీక్ష. ఈ మాటను కూడా కాగితం మీదికి ఎక్కించవచ్చు.

కింది అర: మూలికలు కానివి

మూలికల పెట్టె అన్నంత మాత్రాన అన్నీ మూలికలే ఉండాలని లేదు. కింది అరలో చుట్ట బ్యాండేజీ, శుభ్రమైన గాజుగుడ్డ, అంటించే టేపు, కత్తెర, ముల్లు తీసే చిమ్టా, జ్వరం చూసే థర్మామీటరు, గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ మందు, పారాసెటమాల్, ఒక కొత్త సబ్బు ముక్క, రెండు జతల చేతి తొడుగులు ఉంటే చాలు. ఇంట్లో పిల్లలుంటే ఒక్కొక్కరి బరువు, ఆ బరువుకు డాక్టరు చెప్పిన జ్వరం మందు మోతాదు ఒక చీటీ మీద రాసి సీసాకే రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంచాలి. బరువు పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ అంకెలను పెన్సిలుతో రాయడం మంచిది.

ఈ అరలో అన్నిటికంటే విలువైనది వాంతులు, విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ పొట్లం, అదీ కనీసం నాలుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 20.5 గ్రాముల పొడి పడుతుంది. అందులో 13.5 గ్రాములు గ్లూకోజు, 2.6 గ్రాములు ఉప్పు, తక్కినవి పొటాషియం క్లోరైడు, సిట్రేటు. పెద్ద పొట్లాన్ని గ్లాసుకు చెంచాడు చొప్పున కలపకూడదు. లీటరు నీళ్లు కొలిచి, పొట్లమంతా ఒకేసారి వేయాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. దుకాణంలో పండ్ల రసం డబ్బాల్లాంటి వాటిలో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. అట్ట మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని ఉందో లేదో చూసి కొనాలి. పొట్లం లేని రాత్రి అయితే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలపాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కాకపోగా కీడు జరుగుతుంది. ఉప్పు వేసిన పలుచని గంజి, మజ్జిగ కూడా బాగా పనిచేస్తాయి. మన పెద్దవాళ్లు విరేచనాలకు గంజి పట్టించింది ఊరికే కాదు. పిల్లల విరేచనాలకు దీనితో పాటు జింకు మందు 10 నుంచి 14 రోజులు ఇస్తారు. దాన్ని డాక్టరు రాస్తారు.

పై అర: ఏ దినుసులు, ఎలా ఎంచుకోవాలి

ఎన్ని దినుసులు చేర్చాలన్నది ఎవరి ఇష్టం వారిది గాని, నా పెట్టెలో ఎప్పుడూ ఏడు దాటలేదు: వాము, శొంఠి, మిరియాలు, లవంగాలు, కరక్కాయ, తేనె, ఇసబ్గోలు. అన్నిటినీ పొడి చేయకుండా గింజలుగా, కొమ్ములుగా ఉంచుకోవాలి. పొడిలో కల్తీ కనిపించదు, వాసన కూడా త్వరగా పోతుంది.

పచారీ కొట్టులో తొందర పడకూడదు. శొంఠి తెల్లగా మెరుస్తూ ఉంటే దానికి సున్నం పట్టించారని అర్థం. బూడిద రంగులో, కాస్త ముడతలు పడి ఉన్నదే మేలు. ఒక కొమ్ము విరిచి చూస్తే లోపల పీచు కనిపించాలి, ఘాటు ముక్కుకు తగలాలి. విరిచినప్పుడు సన్నని పిండి రాలితే పుచ్చు పట్టిందని తెలుసుకోవాలి. లవంగం తలను బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే గోటి అంచున నూనె చెమ్మ మెరవాలి. అలా మెరవకపోతే దానిలోని నూనె అంతకుముందే తీసేసి మనకు పిప్పి అమ్ముతున్నారన్నమాట. మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలుస్తాయి. గుప్పెడు నీళ్లలో వేస్తే అవి పైకి తేలతాయి. తేనె విషయంలో నీళ్లలో వేసి చూడడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు ఏవీ నమ్మదగినవి కావు. నమ్మకమైన చోట కొనడం ఒక్కటే దారి. 1956 నుంచి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అమ్మే అడవి తేనె మన ప్రాంతంలో చాలామందికి అలవాటైనదే.

పసుపును ఈ ఏడింటిలో చేర్చలేదని గమనించే ఉంటారు. దుగ్గిరాల, నిజామాబాద్ యార్డులు ఉన్న నేల మీద పసుపు లేని మందుల పెట్టె ఏమిటని మా ఇంట్లోనే అడిగారు. గొంతు గరగరకు పుక్కిలించే నీళ్లలోకి, పాలలోకి పసుపు వంటింట్లో ఎలాగూ ఉంటుంది. పుండు మీద చల్లడానికి మాత్రం దాన్ని పెట్టెలో పెట్టను. రంగు కోసం సీసం కలిసిన క్రోమేటు పూసిన పసుపు మార్కెట్లో పట్టుబడుతూనే ఉంది, పొడిలోనే కాక మెరుగు పెట్టిన కొమ్ముల మీద కూడా. పైగా పెరడులోనో మిల్లులోనో దుమ్ముతో కలిసి ఆడించిన పొడి, తెరిచిన గాయానికి శుభ్రమైన వస్తువు కాదు.

ఇంకో కారణం సొంత అనుభవం. కొన్నేళ్ల కిందట పోపు వేస్తుంటే కాగిన నూనె చింది మా అమ్మాయి మణికట్టు మీద పడింది. చేతికి అందిన పసుపు డబ్బా తీసి గుప్పెడు మెత్తేశాను. ఆసుపత్రిలో నర్సు ఆ ముద్దను సెలైనుతో తడిపి, నానబెట్టి, పొక్కు చిట్లకుండా కొంచెం కొంచెంగా తీయడానికి దాదాపు అరగంట పట్టింది. ఆ అరగంటా పిల్ల ఏడుస్తూనే ఉంది, గాయం ఎంత లోతో డాక్టరుకు తెలియలేదు. కాలినప్పుడు చేయవలసినది ఒక్కటే: కుళాయి కింద, మంచుగడ్డ కాదు, మామూలు చల్లని నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచడం. పసుపు, సిరా, పళ్ల పేస్టు, వెన్న, కోడిగుడ్డు తెల్లసొన, ఏవీ అవసరం లేదు. ఆ తరువాత గాయం చిన్నదై, చర్మం చిట్లకుండా ఉంటే, అప్పుడు కలబంద గుజ్జు పూయవచ్చు.

తెగిన గాయానికి కూడా ఇదే వరస. పల్లెటూళ్లలో పిల్లలు గడ్డిచేమంతి ఆకు నలిపి రసం పిండడం మనమందరం చూసిందే, మనమూ చేసిందే. నెత్తురు ఆగేది చాలావరకు ఆకు పెట్టి అదిమిపట్టినందువల్ల. చేలగట్టు మట్టి అంటిన ఆకుకు బదులు శుభ్రమైన గాజుగుడ్డతో పది నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా, అదిమితే ఆ పనే జరుగుతుంది. తుప్పు, మట్టి తగిలిన గాయమైతే ధనుర్వాతం టీకా సంగతి అడగాలి.

వాడే తీరు

పెట్టెలో ఒక 5 మిల్లీలీటర్ల కొలత చెంచా, ఒక 200 మిల్లీలీటర్ల గ్లాసు విడిగా ఉంచాలి. "చిటికెడు", "కాసింత" అనే కొలతలు అమ్మమ్మల చేతికి తెలుసు గాని మన చేతికి తెలియవు.

కడుపుబ్బరానికి, తిన్నది అరగనప్పటి నొప్పికి అర టీస్పూను వాము చేతిలో నలిపి, గ్లాసున్నర నీళ్లలో వేసి గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడకట్టి, గోరువెచ్చగా గుటక గుటకగా తాగాలి. వాములో ఉండే థైమాల్ వల్లనే ఆ ఘాటు. మూలికల కొట్టులో వాము పువ్వు పేరుతో దొరికే తెల్లని స్ఫటికాలు దాదాపు ఆ థైమాలే. వాటిని వాముకు బదులుగా ఎన్నడూ వాడకూడదు. నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగినా, కడుపు రాయిలా బిగుసుకున్నా వాము నీళ్లు పక్కన పెట్టి ఆసుపత్రికి బయలుదేరాలి.

జలుబుకు, గొంతు నొప్పికి పావు టీస్పూను శొంఠి పొడి, దంచిన మిరియాలు నాలుగు, తులసి ఆకులు అయిదారు గ్లాసున్నర నీళ్లలో వేసి గ్లాసుకు దించాలి. శొంఠిని పైతోలు గీకి, దంచి, జల్లించి, చిన్న సీసాకు సరిపడా మాత్రమే పొడి చేసుకోవాలి. రెండు నెలలకు మించి ఉంచితే ఘాటు తగ్గిపోతుంది. తేనె వేసేది కషాయం తాగగలిగేంత చల్లారాక. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, పుట్టగానే నాలుక మీద రాసే ఆచారమైనా సరే. దానిలో ఉండగల ఒక క్రిమి పసివాళ్ల పేగుల్లో విషం పుట్టించి కండరాలను చచ్చుబరుస్తుంది. ఏడాది దాటిన పిల్లల రాత్రి దగ్గుకు అర టీస్పూను తేనె చక్కని మందు. పెద్దలకు పొడిదగ్గయితే బఠాణీ గింజంత కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, ముందు వగరు, తరువాత సన్నని తీపి నోట్లోకి దిగేదాకా నమలకుండా ఉంచుకోవాలి. గర్భిణులకు కరక్కాయ వద్దు.

వానాకాలపు జ్వరానికి మాత్రం కషాయంతో సరిపెట్టుకోవద్దు. డెంగీ ఉండే రోజుల్లో పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి వేసుకోకూడదు, మూడో రోజుకూ జ్వరం ఉంటే రక్తపరీక్ష చేయించాలి. జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజుల్లోనే కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి నెత్తురు వంటివి కనిపిస్తే అది మరింత ప్రమాదం.

పంటి పోటుకు ఒక లవంగాన్ని నొప్పి ఉన్న పంటి కింద మెల్లగా నొక్కి ఉంచాలి. అందులోని యూజెనాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. అంతే గాని పుచ్చును ఆపదు. లవంగ నూనె వాడితే దూది మీద ఒక్క చుక్క, అదీ పెద్దలకే. మలబద్ధకానికి ఒకటి రెండు టీస్పూన్ల ఇసబ్గోలు నిండు గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన మరో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు చాలకపోతే అది గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది.

వడదెబ్బకు ఈ పెట్టెలో మందు లేదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుని తిరగడం వల్ల నష్టమేమీ లేదు, లాభమూ లేదు. మనిషి మాట తికమకగా ఉండి, ఒళ్లు కాలిపోతూ ఉంటే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో మజ్జిగైనా పోయకూడదు.

పెట్టెలోకి రాకూడనివి

కర్పూరం మొదటిది. కొబ్బరి నూనెలో కరిగించి ఛాతీకి రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. రెండేళ్ల లోపు పిల్లలకు అది వద్దు, ఏ వయసు వారికీ ముక్కు రంధ్రాల్లో వద్దు. మింగితే మరీ ప్రమాదం. పూజ కర్పూరం బిళ్లలు నోట్లో వేసుకున్న చంటిపిల్లలకు నిమిషాల్లో మూర్ఛ రావచ్చు. నీలగిరి తైలం కూడా అంతే. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు మూడూ ఘన పదార్థాలే అయినా ఒక సీసాలో కలిపితే నీటి చుక్క లేకుండా కరిగి ద్రవమవుతాయి. అమృతధార అని పిలిచే ఆ వింత ద్రవాన్ని చూసి మురిసిపోయినా, పిల్లలున్న ఇంట్లో దాన్ని తాళం వేసే చోటనే ఉంచాలి. ఆవిరి పట్టడానికి మరిగే గిన్నె, పైన దుప్పటి, ఒడిలో పిల్లవాడు అనే పద్ధతిలో ఆవిరి కంటే కాలిన గాయాలే ఎక్కువ మిగులుతాయి.

వస కొమ్మును సానరాయి మీద అరగదీసి పసిబిడ్డకు నాకిస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. గలగలా మాట్లాడేవారిని వసపిట్ట అనడం ఆ నమ్మకం నుంచే. మాటలకు అది చేసే సాయమేమీ లేదు. దానిలోని బీటా అసరోన్ అనే పదార్థం మంచిది కాదు, మోతాదు మీరితే వాంతులు పట్టుకుంటాయి. జాజికాయ కూడా పసివాళ్లకు వద్దు.

అతిమధురం గొంతుకు హాయిగా ఉంటుంది, కాని రోజూ నమిలితే రక్తపోటును పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది. బీపీ ఉన్నవారి ఇంటి పెట్టెలో దానికి చోటు లేదు. తిప్పతీగను రోజూ తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. షుగరు మాత్రలు వేసుకునేవారు మెంతిపొడి, తిప్పతీగ మోతాదుగా మొదలుపెడితే చక్కెర మరీ పడిపోవచ్చు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు, ఆపరేషనుకు సిద్ధమవుతున్నవారు అల్లం, వెల్లుల్లి, పసుపు వంటలో తినేంత వరకే పరిమితం కావాలి.

కుండీలు, సీసాలు, పుస్తకం

మూడు కుండీలు బాల్కనీలో సర్దుకుంటాయి: తులసి, వాము ఆకు, కలబంద. కలబంద మట్టను మొదట్లో కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో పది నిమిషాలు నిలబెట్టాలి. పసుపు పచ్చని చేదు జిగురు కారిపోతుంది. అది చర్మానికి దురద, కడుపులోకి పోతే విరేచనం. కడిగి, ముళ్ల అంచులు తీసి, లోపలి గాజులాంటి గుజ్జు మాత్రమే వాడాలి.

సీసాలు గాజువై ఉండాలి. ప్రతి దాని మీద పేరు, కొన్న నెల రాయాలి. "చూస్తే తెలియదా" అనుకోవద్దు, కరెంటు పోయిన రాత్రి వాము, సోంపు, జీలకర్ర ఒకేలా ఉంటాయి. పెట్టెను పొయ్యి పక్కన, స్నానాల గదిలో పెట్టకూడదు. వేడికి నూనెలు ఎగిరిపోతాయి, చెమ్మకు బూజు పడుతుంది. పిల్లలకు అందని ఎత్తులో, పెద్దలకు వెతకనక్కరలేని చోట ఉండాలి. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి అన్నీ బయటికి తీసి, వాసన పోయినవి, గడువు దాటినవి మార్చాలి. ఏడాది దాటిన వాము పోపులోకి పనికివస్తుంది, పెట్టెలోకి రాదు.

చివరగా ఒక చిన్న పుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు పెట్టెలో వేయాలి. ఏది ఇచ్చినా, ఎంత ఇచ్చినా వెంటనే రాయాలి: "రాత్రి 11.10, వాము నీళ్లు పావు గ్లాసు, 11.25 వాంతి; 11.40 నుంచి ఓఆర్‌ఎస్, అయిదు నిమిషాలకో చెంచా. మూత్రం 9 గంటల తరువాత పోయలేదు." తెల్లవారుజామున ఆసుపత్రిలో డాక్టరు "ఇంట్లో ఏమిచ్చారు?" అని అడిగినప్పుడు, నిద్ర లేని కళ్లతో లెక్కలు గుర్తు చేసుకునే పని లేకుండా ఆ పేజీ చేతికిస్తే సరిపోతుంది.